తడి కాగితం నుంచి లెక్క మొదలుపెట్టు: ఫ్యూజర్ హీటర్ గీస్తున్న మేనల్లుడికి

రాయగడ

చిరంజీవి మేనల్లుడికి మీ మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. బరంపురంలో మీరంతా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం, దాంతో పంపిన బొమ్మ రెండూ శ్రద్ధగా చూశాను. నిమిషానికి 20 కాగితాలు తీసే ప్రింటరులో, టోనర్ పొడిని కాగితం మీద కరిగించి అతికించే ఫ్యూజరుకు 800 వాట్ల సిరామిక్ హీటర్, అల్యూమినా అనే గట్టి సిరామిక్ పట్టీ మీద వెండి-పల్లాడియం పేస్టుతో రెండు గీతలు. గీత వెడల్పు ఎంత పెట్టాలని అడిగావు. ఆ అంకె చివర్లో దానంతట అదే వస్తుంది. అంతకుముందు నాకు కావలసింది, 800 ఎక్కడి నుంచి వచ్చిందని. పాత యూనిట్ మీది స్టిక్కరు చూసి వేసుకున్నావేమోనని నా అనుమానం. అలా చేయకు. హీటరు లెక్క కాగితం దగ్గర మొదలవ్వాలి, అదీ వానాకాలపు కాగితం దగ్గర.

75 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 75 గ్రాములు తూగే, ఏ4 కాగితం బరువు 4.68 గ్రాములు. మన జేకేపూర్ మిల్లు కాగితమైనా ఇంకెక్కడిదైనా, కట్ట విప్పిన కొత్తలో అందులో 5 శాతం దాకా నీరు ఉంటుంది. అంటే 0.23 గ్రాములు. రోలర్ల మధ్య నుంచి బయటపడేసరికి కాగితం సగటున 30 నుంచి 110 డిగ్రీలకు చేరుతుందనుకో. పీచుకు 480 జౌళ్లు పోతాయి, నీటిని వేడెక్కించడానికి 70, ఆ నీటిలో సగం ఆవిరవడానికి 265. మొత్తం 810 జౌళ్ల పైచిలుకు. మూడు సెకన్లకో కాగితం కాబట్టి 270 వాట్లు. టోనర్ కరగడానికి పట్టే వేడి ఇందులో లెక్కలోకే రాదు, మామూలు పేజీ మీద ఉండే పొడి గ్రాములో రెండు మూడు వందోవంతులు మాత్రమే. నువ్వు కాల్చే కరెంటులో ఎక్కువ పాలు కాగితానిదీ నీటిదీ.

ఇప్పుడు శ్రావణ మాసంలో కట్ట విప్పి ట్రేలో రెండు రోజులు వదిలేసిన కాగితం తీసుకో. తేమ 8 శాతానికి పోతుంది. అదే లెక్క మళ్లీ వేస్తే కాగితానికి 1,000 జౌళ్లకు ఓ నాలుగు తక్కువ, అంటే 330 వాట్లు. నీటి మార్పు ఒక్కటే 60 వాట్లు తినేసింది. కాగితాన్ని కింద నుంచి నొక్కే ప్రెషర్ రోలరుకూ గాలికీ పోయేది ఇంకో 130 వేసుకో. మొత్తం 460. ఈ తేమ అంకె నా మాట మీద తీసుకోవద్దు. 20 కాగితాలు తూచు, 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచు, బయటకు తీసిన వెంటనే మళ్లీ తూచు. 93 గ్రాముల చిల్లరలో ఎంత తగ్గిందో అదే తేమ. తీశాక రెండు నిమిషాలు మాటల్లో పడ్డావంటే కాగితం మళ్లీ గాలిలోని తేమ పీల్చుకుని అంకె చెడుతుంది.

ఇక కరెంటు. బరంపురంలో నీ బల్ల మీద 230 వోల్టులు కనిపించవచ్చు. గుణుపురం, పర్లాకిమిడి వైపు సందుల్లో, సాయంత్రం పంపులూ మిక్సీలూ ఆడేవేళ 180 కూడా చూస్తావు. వాట్లు వోల్టుల వర్గాన్ని బట్టి పడిపోతాయి. 230 దగ్గర 800 ఇచ్చే హీటరు 180 దగ్గర 490 మాత్రమే ఇస్తుంది. నీకు కావలసింది 460. కాబట్టి నీ 800 సరిపోయింది, కానీ ఎందుకు సరిపోయిందో ఇప్పుడు తెలిసింది. అదే ప్రింటరును రేపెవరైనా నిమిషానికి 30 కాగితాలకు పెంచమంటే కాగితానికి 500, నష్టానికి 130 కలిపి 630 వాట్లు 180 వోల్టుల దగ్గరే రావాలి. అంటే హీటరు 230 దగ్గర 1,030 వాట్లది కావాలి. స్టిక్కరు చూసి గీసినవాడు ఇక్కడే దొరికిపోతాడు. హీటరు చాలకపోతే ముందు తెలిసేది దుకాణదారుకు కాదు, వాడి దగ్గర జెరాక్స్ తీయించుకున్న రైతుకు. ఇంటికి వెళ్లి మడత విప్పేసరికి భూమి పట్టా మీద అక్షరాలు పొడిగా రాలిపోతాయి.

800 వాట్లకు 230 దగ్గర 66 ఓములు. ఇది వేడిలో ఉండాల్సిన విలువ. డిగ్రీకి పది లక్షల్లో 300 వంతుల చొప్పున నిరోధం పెరిగే పేస్టయితే, 200 డిగ్రీల దగ్గర 66 కావాలంటే చల్లగా 63 ఓములు కొలవాలి. ముద్రణలో 7 శాతం తేడా ఒప్పుకున్నావనుకో, మెయిన్స్, అంటే గోడ నుంచి వచ్చే కరెంటు, 253 వోల్టులకు ఎక్కిందనుకో, చల్లటి హీటరు ఆ క్షణాన లాగేది దాదాపు 1,100 వాట్లు, 4.3 ఆంపియర్లు. హీటరుకు కరెంటు వదిలి ఆపే స్విచ్చు ట్రయాక్‌నూ, కనెక్టరునూ ఆ అంకె చూసి ఎంచుకో. 3.5 ఆంపియర్లు చూసి కాదు.

హాలోజెన్ దీపం పెట్టిన అల్యూమినియం రోలరు మంచిదా, సిరామిక్ పట్టీ మీద తిరిగే పలచని ఫిల్మ్ మంచిదా అని కూడా అడిగావు. 200 గ్రాముల రోలరును 30 నుంచి 180 డిగ్రీలకు తేవాలంటే 800 వాట్లతో అర నిమిషం పైన పడుతుంది. నీ పట్టీ బరువు 8 గ్రాములు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆగకుండా నడిచే మెషీనుకు రోలరే నయం, వేడి నిలకడగా ఉంటుంది. ఒక్కో ఖాతాదారుకూ రెండు పేజీలు తీసే చిన్న దుకాణానికి ఫిల్మే సరి, నువ్వు ఎంచుకున్నది సరైనదే. ఎప్పుడైనా హాలోజెన్ చేయాల్సి వస్తే ఒక్కటి గుర్తుంచుకో. చల్లటి టంగ్‌స్టన్ తీగ వేడి తీగకంటే పదింతలకు పైగా కరెంటు లాగుతుంది, పక్క గదిలో లైటు మినుకుమంటుంది. క్వార్ట్జ్ గొట్టాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకు. వేలి చెమటలోని ఉప్పు తగిలినచోట గాజు తెల్లబడి, పెళుసై పగులుతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడిచాకే వెలిగించు.

గీతల సంగతికి వస్తాను. నీ బొమ్మలో వేడయ్యే పొడవు 214 మిల్లీమీటర్లు ఉంది. ఏ4 వెడల్పు 210 కాబట్టి చాలనుకున్నావు. మన కోర్టు ఊళ్లలో లీగల్ కాగితమే సగం పని, దాని వెడల్పు 216. నీ హీటరు మీద ఆ దస్తావేజుల అంచు అక్షరాలు చెరిగిపోతాయి. 222 చెయ్యి. గీత అటు వెళ్లి ఇటు తిరిగి వస్తుంది కాబట్టి మొత్తం 444 మిల్లీమీటర్లు. వెడల్పు 2 పెడితే, గీతను 2 మిల్లీమీటర్ల చదరపు ముక్కలుగా ఊహించుకుంటే 222 చదరాలు. చల్లటి 63 ఓములను 222 చేత భాగిస్తే చదరానికి 0.283 ఓములు. పేస్టు అమ్మేవాడిని అడగాల్సిన అంకె అదే. పట్టీ 270 పొడవు, 8 వెడల్పు, 1 మందం. రెండు గీతలు, మధ్య 1.5 ఖాళీ, అంచులకు చెరో 1.25. ఆ అంచు ఖాళీని ఇంకా పెంచకు, ఎందుకో కింద చెబుతాను.

రెండు కొసల్లో వేడి పట్టీ హోల్డరులోకి పారిపోతుంది. చివరి 12 మిల్లీమీటర్లలో గీత వెడల్పు 2 నుంచి 1.85కి తగ్గిస్తే అక్కడ 8 శాతం ఎక్కువ వేడి పుడుతుంది. అంతకు మించి తగ్గించకు, వెడల్పు తక్కువ కాగితం వేసినప్పుడు ఆ కొసలే నీ ప్రాణం తీస్తాయి.

ఈ వెడల్పు తక్కువ కాగితం సంగతి మీద ఎంత సేపు కూర్చున్నా వృథా కాదు. కవరు కానీ ఏ5 కానీ నడిచినప్పుడు మధ్యలో కాగితం వేడిని తీసుకుపోతుంది, కొసల్లో తీసుకుపోయేది ఏమీ లేదు. మధ్యలో వేడి కొలిచే థర్మిస్టర్ 190 డిగ్రీలు చూపిస్తూనే ఉంటుంది, కొసలు 250 దాటిపోతాయి. ఫిల్మ్ మీది టెఫ్లాన్ పూతకు 260 హద్దు, రోలరు రబ్బరుకు అంతకంటే తక్కువ. పది కవర్లు వరసగా తీశాక వేసిన ఏ4 మీద రెండు పక్కలా టోనర్ ఎక్కువ కరిగి ఫిల్మ్‌కి అంటుకుని, ఓ చుట్టు తరవాత మళ్లీ కాగితం మీదే అచ్చు పడుతుంది. దాన్ని చూసి, కాగితం మీద బొమ్మ వేసే డ్రమ్ము మార్చేవాళ్లు చాలామంది. మచ్చల మధ్య దూరం కొలువు. ఫిల్మ్ చుట్టుకొలతతో సరిపోతే తప్పు ఫ్యూజర్‌దే.

వేడికి నిరోధం బాగా పెరిగే పేస్టు వేస్తే కొసలు వాటంతట అవే అణిగిపోతాయని నువ్వు రాశావు. నీ బొమ్మకు అది తలకిందుల మాట. నీ గీతలో కరెంటు పొడుగూతా పారుతుంది, ప్రతి ముక్కలోనూ ఒకే ఆంపియర్లు. వేడెక్కిన ముక్క నిరోధం పెరిగితే అక్కడే వాట్లు కూడా పెరుగుతాయి, కొస ఇంకా మండుతుంది. నువ్వనుకున్నది నిజం కావాలంటే కరెంటు గీతకు అడ్డంగా, కాగితం నడిచే దిశలో పారాలి. అప్పుడు ప్రతి ముక్కకూ ఒకే వోల్టులు, వేడి ముక్క తక్కువ లాగుతుంది. కానీ 5 మిల్లీమీటర్ల పొడవు, 222 వెడల్పు ఉన్న నిరోధంతో 66 ఓములు రావాలంటే చదరానికి 2,900 ఓముల పేస్టు కావాలి. అంత నిరోధం, పైగా వేడికి గట్టిగా పెరిగే గుణం, రెండూ ఒకే పేస్టులో నీకు దొరకవు. ఆ దారి ఇప్పుడొద్దు. నిరోధం తక్కువ మారే పేస్టే తీసుకో. వెండి పాలు ఎక్కువైతే మార్పు ఎక్కువ, పల్లాడియం పెరిగేకొద్దీ మార్పు తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఇక్కడ పైసలు చూసుకోకు. పట్టీ వెనక పలచని అల్యూమినియం రేకు పెడితే కొసల వేడి మధ్యకు పాకుతుంది. కొస దగ్గర రెండో థర్మిస్టర్ పెట్టి, 230 దాటగానే కాగితాల మధ్య ఎడం పెంచు, 250 దగ్గర ఆపెయ్యి. కవర్లు నెమ్మదిగా వచ్చినా దుకాణదారు ఓర్చుకుంటాడు.

ఇక పగుళ్లు. అల్యూమినాలో మధ్య భాగం వేడెక్కి సాగుతుంది, చల్లటి అంచు సాగనంటుంది. ఆ లాగుడంతా అంచు మీద పడుతుంది. మధ్యకూ అంచుకూ 100 డిగ్రీల తేడా ఉంటే స్థూలంగా 200 మెగాపాస్కల్ దాకా పోతుంది. మంచి అల్యూమినా 300 పైన ఓర్చుకుంటుంది గానీ, లేజర్‌తో గాట్లు పెట్టి విరిచిన అంచు అంత ఓర్చుకోదు. ఆ గాట్లే పగులుకు మొదలు. అందుకే అంచు ఖాళీ పెంచవద్దన్నాను, చల్లటి మేర పెరిగితే తేడా పెరుగుతుంది. పేస్టు ముద్ర వేయకముందే ప్రతి పట్టీ అంచుకు ఎర్ర సిరా రాసి, ఓ నిమిషం ఆగి, స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడువు. భూతద్దంలో చూస్తే తెల్లటి అంచు మీద వెంట్రుకంత ఎర్ర గీత లోపలికి పోతూ కనిపిస్తుంది. ఆ పట్టీ పక్కన పెట్టేయ్, అరగదీసి వాడుదామని చూడకు.

8 గ్రాముల పట్టీని ఒక డిగ్రీ పెంచడానికి 8 జౌళ్లకంటే కాస్త తక్కువ చాలు. రోలరు ఆగిపోయి, ట్రయాక్ షార్టయిపోయి 800 వాట్లు నిలబడి పారితే సెకనుకు 100 డిగ్రీలు పెరుగుతుంది. మూడు నాలుగు సెకన్లలో పగులుతుంది. సాఫ్ట్‌వేర్ చూసుకుంటుందని నమ్ముకునే చోటు కాదు ఇది, ట్రయాక్ షార్టయ్యాక సాఫ్ట్‌వేర్ చేతిలో ఏమీ ఉండదు. వేడి మితిమీరితే తెగే థర్మల్ ఫ్యూజు మెయిన్స్ తీగలోనే, పట్టీ వీపుకు స్ప్రింగు నొక్కుడుతో ఆని ఉండాలి. పట్టీ పగిలేలోపు అది తెగాలి. కాగితం సుమారు 230 డిగ్రీల దగ్గర అంటుకుంటుంది, మనం నడిపేది దానికి ఎంతో దూరంలో లేదు. 1938లో జెరాక్స్ పద్ధతి కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ మొదటి బొమ్మను మైనపు కాగితం మీద కాస్త వెచ్చబెట్టి అతికించాడు. 1959లో వచ్చిన జెరాక్స్ 914లో కాగితాలు అంటుకునే ప్రమాదం ఉండి, కంపెనీయే చిన్న మంటలార్పే సాధనం ఇచ్చింది. అప్పటి నుంచీ ఈ పనిలో ఇదే పెద్ద భయం.

పది పట్టీలు ఈ పరీక్షకే ఖర్చు పెట్టు. రోలరు ఆపి, ట్రయాక్‌ను దాటేసి, ఐదింటికి 253 వోల్టులు, ఐదింటికి 180 వోల్టులు ఇవ్వు. 253 దగ్గర వేడి దూసుకొస్తుంది, ఫ్యూజు ఆలస్యమవుతుందేమో చూడు. 180 దగ్గర నెమ్మదిగా ఎక్కుతుంది, ఫ్యూజు తెగకముందే ఫిల్మూ హోల్డరూ కాలిపోతాయేమో చూడు. పది పరీక్షల్లోనూ పట్టీ పగలకముందే ఫ్యూజు తెగాలి. తొమ్మిదైతే చాలదు. కిటికీలు తెరిచి చెయ్యి, టెఫ్లాన్ మితిమీరి కాలిన పొగ పీల్చకూడదు.

ఫ్యూజుతో ఓ చిక్కుంది. దాని ఒళ్లు చల్లన, పట్టీ నుంచి వేడి లాగేస్తుంది. పొద్దున్నే తీసిన మొదటి పేజీలో సరిగ్గా ఆ చోట ఓ వేలి వెడల్పు మేర అక్షరాలు చేత్తో రుద్దితే రాలతాయి, మిగతా పేజీ గట్టిగా ఉంటుంది. అక్కడ గీతను 3 శాతం సన్నం చెయ్యి, సర్దుకుంటుంది. థర్మిస్టర్ కిందా ఇదే బాధ, కాకపోతే చిన్నది.

పేస్టు ముద్ర వేశాక 150 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఆరబెట్టి, తరవాత కొలిమిలో 850 దగ్గర పది నిమిషాలు. ఎక్కి దిగడంతో కలిపి ముప్పావు గంట నుంచి గంట. గీత మందం పది మైక్రాన్ల వరసలో ఉంటుంది కాబట్టి రెండు మైక్రాన్ల తేడా వస్తే నిరోధంలో 20 శాతం పోయినట్టే. మొత్తం 63 ఓములు చూపించింది కదా అని సంతోషించకు. ఓ కొస పలచగా, ఇంకో కొస మందంగా ఉన్నా మొత్తం 63 రావచ్చు. గాజు పూత వేయకముందు గీతలోంచి 0.1 ఆంపియరు పంపి, 20 మిల్లీమీటర్లకోసారి రెండు సూదులు ఆనించి మిల్లీవోల్టులు రాసుకో. ప్రతి ముక్కా 283 దగ్గర ఉండాలి. 275 నుంచి 291 దాకా పర్వాలేదు. అంతకు మించితే పేస్టు నొక్కి లాగే స్క్వీజీ వాలిందో, గీతల అచ్చు ఉన్న స్క్రీను వదులైందో, దాని సంగతి చూడు. కొసల్లో సన్నం చేసినచోట మాత్రం 297 దగ్గర చూపిస్తుంది, అది తప్పు కాదు.

గాజు పూత ఒక్కసారి మందంగా వేయకు, రెండుసార్లు పలచగా వెయ్యి. మొదటి పొరలో పడిన సూదిబెజ్జం మీదే రెండో పొరలో కూడా బెజ్జం పడడం అరుదు. మొత్తం 50, 60 మైక్రాన్లు. పూత కాల్చాక నిరోధం కాస్త జరుగుతుంది, 63 అన్నది ఆ తరవాత కొలిచేది. ఫిల్మ్ వైపు 1,500 వోల్టులు నిమిషం పాటు నిలవాలి. వెనక వైపు మరీ జాగ్రత్త, అక్కడ థర్మిస్టర్ తీగలు మనిషి చెయ్యి తగిలే సర్క్యూట్‌లోకి పోతాయి, వాటికీ మెయిన్స్‌కీ మధ్య అడ్డం ఆ ఒక్క మిల్లీమీటరు అల్యూమినాయే. అటు 3,000 వోల్టులకు పరీక్షించు, ప్రతి పట్టీనీ, వందలో ఒకటి కాదు.

కంట్రోలు గురించి తక్కువే చెబుతాను, అది నీకే బాగా వచ్చు. 50 హెర్ట్జ్‌లో అరతరంగం 10 మిల్లీసెకన్లు. 800 వాట్ల దగ్గర ఒక అరతరంగం 8 జౌళ్లు, అంటే వట్టి పట్టీని ఒక డిగ్రీ ఎత్తుతుంది. అంత సన్నటి మెట్లు చేతిలో ఉన్నప్పుడు ఆన్, ఆఫ్ పద్ధతి దేనికి? 20 అరతరంగాల గుంపులో ఎన్ని ఇవ్వాలో లెక్కగట్టి ఇవ్వు. పాజిటివ్, నెగటివ్ అరలు సమానంగా ఉండేట్టు చూడు, లేకపోతే మెయిన్స్‌లోకి డీసీ పోతుంది. కాగితం నిప్‌లోకి, అంటే ఫిల్మూ రోలరూ ఒత్తుకునే చోటికి, రాకముందే, సెన్సరు చూడగానే వాట్లు పెంచు. సెకనుకు 116 మిల్లీమీటర్ల వేగానికి 7 మిల్లీమీటర్ల నిప్‌లో కాగితం ఉండేది 60 మిల్లీసెకన్లే. థర్మిస్టర్ చల్లదనం గమనించి చెప్పేసరికి కాగితం తల దాటిపోయి ఉంటుంది.

కనెక్టరు స్ప్రింగు మామూలు ఇత్తడి పెట్టకు, వేడికి పట్టు వదిలేసి నిప్పురవ్వలు రాల్చి, పట్టీ కొసన కరెంటు అందుకునే ప్యాడ్‌ను నల్లగా తినేస్తుంది. వేడయ్యే గీత మొదలుకూ ప్యాడ్‌కూ మధ్య 15 మిల్లీమీటర్లైనా వట్టి వెండి దారి ఉంచు.

గాజు పూత అయిన తరవాత మొదటి ఇరవై పట్టీల చల్లటి ఓములు, ముక్కల వారీ మిల్లీవోల్టులు ఓ కాగితం మీద రాసి నాకు పంపు. వాటికి 230 ఇచ్చేముందే పంపు. పది పట్టీలు ఫ్యూజు పరీక్షకు పోగా మిగిలిన పది తీసుకుని భాద్రపదం వెళ్లేలోపు ఇక్కడికి వచ్చేయ్. వోల్టులు పెంచి తగ్గించే డిమ్మర్‌స్టాట్ ఇక్కడే ఉంది, 180 నుంచి 253 దాకా తిప్పి చూద్దాం. నాలుగు కట్టలు ముందే విప్పి వరండాలో పెట్టి ఉంచుతాను, అప్పటికి బాగా తేమ పట్టి ఉంటాయి. నిండు నల్ల పేజీలు వరసగా 30 తీసి, మొదటిదీ పదోదీ ముప్పయ్యోదీ మడిచి, మడత మీద గుడ్డతో రుద్ది చూడాలి. ఆ తరవాత కవర్లు. నువ్వు వచ్చేటప్పుడు లీగల్ కాగితం ఓ కట్ట తెచ్చుకో, ఇక్కడ అది అయిపోయింది.

అక్కకూ బావకూ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు
మీ మామయ్య